సిలబస్ పదిహేడు ఆటలు, ప్రశ్న ఒక్కటే

అడిగింది ఒక్క ప్రశ్న. "ఫైర్ ఎంబ్లెమ్‌లో ఒక ఆట పూర్తిచేశాను, తరువాత ఏది ఆడను?" పిల్లకి ఎల్‌కేజీ అయిపోయింది, యూకేజీ ఎక్కడ చేర్పిద్దాం అన్నంత మామూలుగా అడిగాను. మూడు వారాలైంది. ఈలోగా ఒక్క ఆటా మొదలుపెట్టలేదు గాని, జపాన్ వీడియోగేముల చరిత్ర మీద ఎవరైనా పీహెచ్‌డీ ఇస్తామంటే రేపే వైవాకి కూర్చోగలను.

ముందు నా నేరం నేనే ఒప్పుకుంటాను. నేను జూనియర్ కాలేజీలో లెక్చరర్ని. నలభై దాటాయి. క్రిందటేడు మా బావమరిది డాలస్ నుంచి వస్తూ సూట్‌కేసులో బాదంపప్పు పొట్లాలకీ విటమిన్ మాత్రల సీసాలకీ మధ్య ఒక నింటెండో స్విచ్ ఇరికించుకొచ్చాడు. దాంతోపాటు 2019లో వచ్చిన త్రీ హౌసెస్ అనే ఆట. అందులో మనం ఒక మఠంలో మాస్టారు. చేతికింద ఎనిమిదిమంది విద్యార్థులు. పగలంతా ఎంపీసీ పిల్లలకి పాఠం చెప్పి ఇంటికొచ్చి, రాత్రి పదకొండు దాకా గారెగ్ మాక్ మఠంలో మళ్ళీ పాఠం చెప్పాను. పిల్లలు పారేసుకున్న వస్తువులు ఏరి ఎవరివి వాళ్ళకిచ్చాను. టీకి పిలిచి కబుర్లు చెప్పాను. చెరువులో చేపలు పట్టాను. పరీక్షలు రాయించి, తప్పినవాళ్ళని ఓదార్చాను. జీతం లేని రెండో ఉద్యోగం. అయినా నిజం చెప్పొద్దూ, మొదటి ఉద్యోగంలోకన్నా ఇక్కడే పిల్లలు నా మాట విన్నారు. ఆఖరికి అయిదేళ్ళ తరువాత యుద్ధమొచ్చి నా సెక్షను పిల్లలు పక్క సెక్షను పిల్లల మీద కత్తులు దూస్తుంటే మాత్రం, ర్యాంకుల కాలంలో స్టాఫ్‌రూమ్ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

అయిపోయింది. బావుంది. ఇంకొకటి ఆడదామనిపించింది. అదిగో, అక్కడ మొదలైంది.

బావమరిదికి ఫోన్ చేశాను. అవతల ఒక నిట్టూర్పు. "త్రీ హౌసెస్‌తో మొదలుపెట్టారా బావగారూ? అది అసలు ఫైర్ ఎంబ్లెమే కాదండీ."

"ఇచ్చింది నువ్వే కదయ్యా!"

"ఇచ్చాను గానండీ, మీరు ఆడతారనుకోలేదు."

ఈ సిరీస్ పేరే వినని అదృష్టవంతులకి రెండు ముక్కల్లో చెప్తాను. ఇది గళ్ళు గీసిన యుద్ధభూమిలో వంతులవారీగా ఆడే ఆట. కత్తి గొడ్డలిని గెలుస్తుంది, గొడ్డలి బల్లేన్ని గెలుస్తుంది, బల్లెం కత్తిని గెలుస్తుంది. మన చదరంగానికి దూరపు చుట్టమే, ఒకటే తేడా. చదరంగంలో బంటు పోతే ఎవరూ ఏడవరు. ఇక్కడ బంటుకి పేరుంటుంది, ఇంటి దగ్గర చెల్లెలుంటుంది, వాడికి ముల్లంగి పడదని కూడా మనకి తెలుస్తుంది. అలాంటివాణ్ణి మనం ఒక గడి ముందుకి జరిపినందుకు వాడు చచ్చిపోతాడు. చచ్చిపోతే చచ్చిపోయినట్టే, మళ్ళీ రాడు. దీన్ని ఇంటెలిజెంట్ సిస్టమ్స్ అనే సంస్థ, షోజో కగా అనే ఆయన ఊహలోంచి, 1990 ఏప్రిల్‌లో నింటెండో ఫామికామ్ మీదకి దింపింది. ఇప్పటికి రీమేకులతో కలిపి ప్రధాన వరుసలో పదిహేడు వచ్చాయి.

ఈ పదిహేడింటిలో "అసలు ఫైర్ ఎంబ్లెమ్" ఏదో తేల్చమని అడిగాను. హైదరాబాదులో అసలు బిర్యానీ ఎక్కడ అని అడిగినట్టయింది. 2012 నాటి అవేకెనింగ్‌తో వచ్చినవాళ్ళకి త్రీ హౌసెస్ బడిపిల్లల ఆట. గేమ్‌బాయ్ అడ్వాన్స్ కాలంవాళ్ళకి అవేకెనింగ్ పెళ్ళిళ్ళ పేరయ్య ఆట. సూపర్ ఫామికామ్ కాలంవాళ్ళకి గేమ్‌బాయ్‌వన్నీ పిల్లల బొమ్మలు. ఫామికామ్ నాటివాళ్ళు మాట్లాడరు, జాలిగా నవ్వుతారు. అందరి లెక్కలూ పోల్చిచూస్తే నాకు తేలింది ఇదీ: ఎవరు తొమ్మిదో క్లాసులో ఏది ఆడారో అదే అసలుది.

సరే, మొదటినుంచీ వరసగా వెళ్దాం, గొడవ వదిలిపోతుంది అనుకున్నాను. మా మేనల్లుడు వైట్‌బోర్డు తెచ్చి గోడకి ఆనించాడు. "విను మామయ్యా. మొదటి ఆటని మూడో ఆటలో సగంగా మళ్ళీ పెట్టారు. పదకొండోది కూడా మొదటిదే. పన్నెండోది మూడోదానిలో రెండో సగం. పదిహేనోది రెండోది. అయిదో ఆట కథ నాలుగో ఆట కథ మధ్యలో జరుగుతుంది. ఏడోది ఆరోదానికి ముందు కథ. పదమూడోది మొదటిదానికి రెండువేల ఏళ్ళ తరువాత."

మహాభారతాన్ని ఉదంకోపాఖ్యానం దగ్గర మొదలుపెట్టినవాణ్ణి, ఇదేం లెక్క అనుకున్నాను. ఆరో ఆటలో రాయ్ హీరో. ఏడో ఆటలో వాళ్ళ నాన్న ఎలివుడ్ హీరో. అంటే కొడుకు పెరిగి పెద్దవాడై రాజ్యాలు గెలిచాక తండ్రికి యవ్వనం వచ్చింది. ఇంకా విడ్డూరమేమిటంటే ఆ రాయ్‌గారు తన సొంత ఆట 2002లో విడుదల కాకముందే, 2001లో స్మాష్ బ్రదర్స్ మెలీ అనే ఇంకో ఆటలోకి వచ్చి కుస్తీ పట్టేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఊరికే అన్నారా?

"అయితే మొదటిది ఎక్కడ దొరుకుతుందిరా?" అన్నాను.

వాడు బోర్డు తుడిచేశాడు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. సలహాదారులమీద కోపం నవ్వులో పోతుంది గాని, ఈ కోపం పోదు. 1990 నాటి ఆ మొదటి ఆటని నింటెండో ముప్ఫై ఏళ్ళపాటు జపాన్ దాటనివ్వలేదు. ముప్ఫై ఏళ్ళ పండుగ వచ్చింది. 2020 డిసెంబర్ 4న ఇంగ్లీషులో స్విచ్‌కి తెచ్చారు. ధర ఆరు డాలర్లు. చప్పట్లు కొట్టేలోపే షరతు చెప్పారు: 2021 మార్చి 31 దాకానే అమ్ముతాం. లెక్కపెట్టాను, 118 రోజులు. అదేమీ ఆవకాయ కాదు, మామిడికాయలు అయిపోయాయనడానికి. అది సినిమా హాలూ కాదు, సీట్లు నిండిపోయాయనడానికి. కాపీ తీయడానికి కాగితం కూడా ఖర్చుకాని వస్తువుకి మూఢం పెట్టారు! ఆ 118 రోజుల్లో కొనుక్కున్నవాడు పుణ్యాత్ముడు. నాలాగా ఆలస్యంగా మేలుకున్నవాడికి మళ్ళీ ముహూర్తం లేదు.

మిగతావాటి సంగతి చెప్పనా? 1992లో రెండోది, 1994లో మూడోది, 1996లో నాలుగోది, 1999లో అయిదోది, 2002లో ఆరోది. వీటిలో ఏదీ అసలు రూపంలో జపాన్ బయట అధికారికంగా ఇంగ్లీషులో అమ్మలేదు. 2005 నాటి పాత్ ఆఫ్ రేడియన్స్ గేమ్‌క్యూబ్ డిస్కు కావాలంటే సెకండ్‌హ్యాండులో వందల డాలర్లు. ఆ డబ్బుతో మా ఊళ్ళో నిజం గొర్రెపిల్లలు కొనుక్కుని, వాటికి పేర్లు పెట్టుకుని, గళ్ళు గీసి నిలబెట్టుకోవచ్చు. అవేకెనింగ్, ఫేట్స్, ఎకోస్ మూడూ 3డీఎస్ యంత్రానివి. ఆ యంత్రపు ఆన్‌లైన్ దుకాణాన్ని 2023 మార్చి 27న మూసేశారు. ఫేట్స్ అయితే మరీ ఘోరం. ఒక కథని మూడు ముక్కలు చేసి, పుట్టింటివైపు యుద్ధం ఒక ఆట, పెంచినవాళ్ళవైపు యుద్ధం ఇంకో ఆట, ఎవరివైపూ కాకుండా అసలు నిజం తెలుసుకునేది మూడోది అని విడివిడిగా అమ్మారు. ఆ మూడోది విడిగా డౌన్‌లోడుకే దొరికేది. దుకాణం మూశాక, ముందే కొనిపెట్టుకున్నవాడికీ, మూడూ కలిపి వేసిన స్పెషల్ ఎడిషన్ కార్ట్రిడ్జి చేతిలో ఉన్నవాడికీ మాత్రమే నిజం తెలుస్తుంది. తక్కినవాళ్ళం ఏదో ఒక పక్షాన చేరి కొట్టుకు చావాల్సిందే. రాజకీయాల్లో కూడా ఇంత నిక్కచ్చి లేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడే గర్భగుడికి తాళమేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పూజారులు బయట నిలబడి లోపలి విగ్రహం ఎంత బావుంటుందో వర్ణిస్తున్నారు.

వర్ణించేవాళ్ళలో మా కాలేజీ ఆఫీసు ఉద్దండుడొకాయన ఉన్నారు. మృదువైన మనిషి. చీమని చూసి పక్కకి తప్పుకుంటారు. ఆయన నాకు చెప్పిన ఆట అయిదోది, థ్రేసియా 776. "మాస్టారూ, కొత్తలోనే కష్టం అలవాటైపోతే ఇంక బెంగుండదు" అన్నారు. అన్నప్రాసననాడే ఆవకాయ పెట్టే బాపతు. కనుక్కున్నాను. అందులో సైనికులు పోరాడితే అలిసిపోతారు, అలిసినవాడు తరువాతి యుద్ధానికి రాడు. కొన్ని మ్యాపుల్లో గెలవడం కుదరదు, పారిపోవాలి. పారిపోయేటప్పుడు అందరినీ పంపించి నాయకుడు ఆఖర్న వెళ్ళాలి. తెలియక నాయకుణ్ణి ముందు పంపామా, వెనక మిగిలినవాళ్ళంతా శత్రువుకి బందీలు. పైగా ఆట జపనీస్‌లో. కగాగారు ఈ ఆట చేసి సంస్థ వదిలి వెళ్ళిపోయారు. చేసినాయనే వెళ్ళిపోయిన ఇంట్లోకి నన్ను గృహప్రవేశం చెయ్యమంటున్నారు.

"కష్టంగా ఉంది కదండీ" అన్నాను. "కష్టం కాదు మాస్టారూ, న్యాయం" అన్నారాయన, చీమకి దారిస్తూ.

పెళ్ళిళ్ళ వర్గం ఇంకొకటుంది. నాలుగో ఆట జీనియాలజీలోనూ, అవేకెనింగ్‌లోనూ సైనికులకి పెళ్ళిళ్ళు చెయ్యాలి, వాళ్ళ పిల్లలు తరువాత యుద్ధానికి వస్తారు. తండ్రి బలం పిల్లవాడికి వస్తుంది. ఈ వర్గంవాళ్ళు నా ముందు పట్టికలు పరిచారు. ఎవరికి ఎవరిని చేస్తే పిల్లవాడికి ఏ విద్య వస్తుంది, వేగం ఎంత పెరుగుతుంది. మా మేనత్త పెళ్ళిసంబంధాల పుస్తకంలో కూడా ఇన్ని గడులు లేవు. ఆవిడ గోత్రం అడుగుతుంది, వీళ్ళు గ్రోత్ అడుగుతారు. అంతే తేడా. ప్రేమ అనే మాట రెండు చోట్లా వినపడలేదు.

ఆగండి అనే వర్గం సంగతి చిటికెలో తేల్చేస్తాను. వీళ్ళు ఏదీ ఆడనివ్వరు. జీనియాలజీ రీమేక్ వస్తుందట, ఆగు. ఫార్చూన్స్ వీవ్ అని కొత్తది 2025 సెప్టెంబర్‌లో ప్రకటించారు, దానికి స్విచ్ 2 కావాలి, ఆగు. వీళ్ళే పూర్వం పెళ్ళిచూపుల్లో ఇంకా మంచి సంబంధం వస్తుందని చెప్పి చెప్పి, వచ్చిన మూడు సంబంధాలూ పోగొట్టినవాళ్ళు.

అంకెలవాళ్ళని మాత్రం తక్కువచేసి మాట్లాడను, వాళ్ళ దగ్గర ఒక మంచి ముక్క నేర్చుకున్నాను. దెబ్బ తగిలే అవకాశం ఇంత శాతం అని ఆట తెరమీద చూపిస్తుంది కదా. గేమ్‌బాయ్ నాటి ఆటల నుంచి చాలావాటిలో అది పచ్చి అబద్ధమట. లోపల రెండు యాదృచ్ఛిక సంఖ్యలు తీసి సగటు కడుతుంది. అందుకని తెరమీద 70 అని ఉంటే అసలు అవకాశం 82 పైన. 30 అని ఉంటే అసలుది 18 చిల్లర. మన మనసుకి 70 అంటే "తప్పకుండా తగులుతుంది" అనే కదా అర్థం, దాన్ని నొప్పించకుండా యంత్రం మొహమాటానికి లెక్క సవరించుకుంటోంది. మా కాలేజీ ఇంటర్నల్ మార్కులు ఇదే సూత్రంమీద నడుస్తున్నాయని నాకు అప్పుడు అర్థమైంది.

ఇన్ని తెలుసుకున్నాక నాకు జేగన్ గురించి చెప్పారు. చెప్పినవాళ్ళకి తాము ఏం చెప్తున్నారో తెలియదు.

ఈ ఆటలు చాలావాటిలో మొదట్లోనే ఒక ముసలి యోధుడు మన పక్షాన చేరతాడు. మొదటి ఆటలో వాడి పేరు జేగన్, అందుకని తరువాతి ఆటల్లో అలాంటివాళ్ళందరినీ జేగన్లనే అంటారు. గుర్రం, వెండి బల్లెం, మహా బలం. ఒక్క పోటుకి శత్రువు ఖాళీ. కొత్తవాడు సంబరపడి అన్ని యుద్ధాలకీ వాణ్ణే పంపుతాడు. చిక్కేమిటంటే, చంపినవాడికే ఎక్కువ అనుభవం పాయింట్లు. అన్నీ ముసలాయనే తినేస్తాడు. తిన్నా ఆయన పెద్దగా పెరగడు, పెరగాల్సింది ఎప్పుడో పెరిగేశాడు. పదో అధ్యాయానికొచ్చేసరికి ఆయనకి చేతకాదు, కుర్రాళ్ళకి ఏమీ రాదు. సేక్రెడ్ స్టోన్స్ అనే ఆటలో సెత్ మాత్రం ఈ లెక్కకి లొంగడు, ఆఖరిదాకా లాక్కొస్తాడట. అలాంటివాడు వంశానికొక్కడు.

అయ్యలారా, జేగన్‌ని వాడొద్దని నాకు చెప్పింది మీరే. మరి మీరెవరు? నేను ఒక్క గడి ముందుకి జరగకుండానే ఎవడు చస్తాడో చెప్పారు, ఎవడు నమ్మకద్రోహో చెప్పారు, నాలుగో ఆటలో పెళ్ళి తరువాత ఏం జరుగుతుందో వద్దన్నా చెప్పారు. "కథ చెడగొట్టను గాని" అని మొదలుపెట్టి చెడగొట్టని కథ ఒక్కటి మిగిల్చారా? నా చేతులతో నేను చెయ్యాల్సిన తప్పులన్నీ మీరే ముందుగా సరిదిద్దేశారు. తెలియక నాయకుణ్ణి ముందు పంపించి, మిగతావాళ్ళు బందీలైతే గుండె గుభేలుమని, కన్సోల్ ఆపేసి, చీకట్లో కూర్చునే భాగ్యం మీకు దక్కింది. నాకు దాని సారాంశం దక్కింది. నా అనుభవం పాయింట్లన్నీ గుర్రమెక్కి మీరే తినేశారు.

ఇంకో మాట. వరస తెలియకపోతే కొంప మునుగుతుందని మీరంతా బెదిరిస్తున్నారు కదా, 2003లో ఏం జరిగింది? స్మాష్ బ్రదర్స్‌లో మొదటి ఆట హీరో మార్త్‌నీ రాయ్‌నీ చూసి వీళ్ళెవరని పడమటి దేశాలవాళ్ళు అడిగితే, నింటెండో వాళ్ళకి ఏడో ఆటని పంపింది. నంబరు లేదు, ఉపశీర్షిక లేదు. అట్టమీద ఉత్త ఫైర్ ఎంబ్లెమ్ అని వేసింది, దీనికి ముందు ఆరు ఉన్నాయన్న సంగతి తెలియనట్టు మొహం పెట్టింది. అందులో లిన్ అనే అమ్మాయి మొదటి పది అధ్యాయాలు చెయ్యి పట్టుకుని, ఇక్కడ నొక్కు, అక్కడికి జరుగు అని అక్షరాభ్యాసం చేయిస్తుంది. పడమటి దేశాల్లో ఒక తరం మొత్తం ఏడో మెట్టు దగ్గర ఎక్కింది. ఎవరికీ కాలు విరగలేదు. వాళ్ళే ఇవాళ పెద్దమనుషులై, నన్ను మొదటి మెట్టునుంచి రమ్మంటున్నారు, ఆ మెట్టు ఊడదీశారని తెలిసి కూడా.

పదేళ్ళ తరువాతా అదే కథ. రెండున్నర లక్షల కాపీలైనా అమ్ముడుపోకపోతే అవేకెనింగే ఆఖరిదని లోపల అనుకున్నామని తరువాత దాన్ని చేసినవాళ్ళే చెప్పుకున్నారు. కాపాడింది మీరు కాదు, చావుని కావాలంటే వద్దనుకునే క్యాజువల్ పద్ధతి పెట్టారని మీరు ముక్కు చీదుతుంటే, ఏ వరసా తెలియని నాలాంటి అజ్ఞానులు పోలోమని వచ్చి కొన్నారు. మీ సంప్రదాయాన్ని మీకోసం బతికించింది సంప్రదాయం తెలియనివాళ్ళు. కనీసం ఒక టీ పొయ్యండి.

నన్నూ వదలను. మూడు వారాల్లో నేను చేసిందేమిటి? సేక్రెడ్ స్టోన్స్ సాయంత్రాలు ఆడుకున్నా ఈపాటికి అయిపోయేది. నేను ఆట వెతకలేదు, పూచీకత్తు వెతికాను. తప్పుడు ఆట ఎంచుకుని నలభై గంటలు వృథా చేసుకుంటానేమోనన్న భయంతో అరవై గంటలు వృథా చేశాను. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు అరవై కాలేజీల పేర్లు రాసి తెచ్చి "ఏది ముందు పెట్టమంటారు సార్?" అని అడిగే తండ్రుల్ని చూసి ఏళ్ళతరబడి నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

మొన్న ఆదివారం మా మేనల్లుడి అలమరలో ఎంగేజ్ కార్ట్రిడ్జి కనపడింది. 2023 జనవరిలో వచ్చిన పదిహేడో ఆట. కథ బావుండదని వర్గాలన్నీ ఏకగ్రీవంగా తీర్మానించిన ఆట. "అది తీసుకోకు మామయ్యా, పాత ఆటలన్నీ ఆడితే గాని దాని మజా తెలియదు" అన్నాడు వాడు. చొక్కా జేబులో వేసుకుని వచ్చేశాను.

హీరో జుట్టు సగం ఎరుపు, సగం నీలం. పాత ఆటల హీరోలు పన్నెండుమంది పన్నెండు ఉంగరాల్లో ఉంటారు. ఉంగరం తొడుక్కుంటే వచ్చి పక్కన నిలబడి యుద్ధం చేస్తారు. సిలబస్ మొత్తం పది వేళ్ళకి సరిపెట్టేశారు, ఇంకో రెండు మిగిలాయి. మొదటి ఉంగరం మార్త్‌ది, 1990 నాటి మొదటి ఆట హీరో, ఆ 118 రోజుల గడువుతో నాకు తప్పిపోయినవాడు. పిలవగానే వచ్చాడు. తన ఆట ఆడావా అని మాత్రం అడగలేదు.